కౌంట్ తక్కువొస్తే ఏం చేయాలి: రెండు మండలాల లెక్క

పెళ్లై ఏడాది దాటినా కడుపు పండకపోతే మన వైపు మొదట కదిలేది భార్యే. స్కానింగులు ఆమెకే, రక్తపరీక్షలు ఆమెకే, శనివారం ఉపవాసాలూ ఆమెకే. భర్త బండి తోలడానికి, బిల్లు కట్టడానికి వస్తాడు. ఈ వరస తిరగేయాలి. సంతానం లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం కనిపిస్తుంది. పైగా మగవాడి మొదటి పరీక్ష వీర్యపరీక్షే, అందులో వీర్యకణాలు ఎన్నున్నాయో చెప్పే అంకెనే కౌంట్ అంటారు. దానికి సూది లేదు, మత్తు లేదు, కోత లేదు. కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది, రిపోర్టు చాలాచోట్ల ఆ రోజే చేతికొస్తుంది. ఆ కాగితం చూడకుండా భార్యకు ట్యూబుల పరీక్షో, లాపరోస్కోపీయో చేయించడం తలకిందుల పని.

ముందుగా లెక్క

వీర్యకణం ఒక్క రోజులో తయారవదు. వృషణంలో మొదటి దశ నుంచి పూర్తి కణంగా మారడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత వృషణం వెనకుండే సన్నటి చుట్టల గొట్టంలో ఇంకో పది, పద్నాలుగు రోజులు ఉండి ఈత నేర్చుకుంటుంది. అంతా కలిపితే మూడు నెలలకు కాస్త తక్కువ. అయ్యప్ప మాల వేసుకునేవాళ్లకు ఇది తేలిగ్గా గుర్తుంటుంది: మండలం 41 రోజులు, రెండు మండలాలు 82, పైన ఓ వారం.

ఈ గైడులో మిగతాదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. ఈ రోజు సిగరెట్టు మానేస్తే వచ్చే వారం కౌంట్ పెరగదు. నెలక్రితం డెంగీ జ్వరంతో 103 డిగ్రీల్లో కాలిపోయి ఉంటే, ఇప్పుడిచ్చే శాంపిల్‌లో ఆ దెబ్బ కనిపిస్తుంది. మందు వాడిన పదిహేను రోజులకే మళ్లీ టెస్టు చేయించి ‘ఏం పని చేయలేదు’ అని డాక్టరును మార్చేవాళ్లు చాలామంది. పని చేసిందో లేదో తెలిసే సమయం అప్పటికి రానే రాలేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఏ జాగ్రత్తా తీసుకోకుండా ఏడాది కలిసి ఉన్నా గర్భం రాకపోతే మొదలుపెట్టండి. భార్యకు 35 దాటితే ఆరు నెలలు చాలు, అంతకుమించి ఆగొద్దు. కువైట్‌లోనో ఖతార్‌లోనో పనిచేస్తూ ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవాళ్లు పెళ్లైన తేదీ నుంచి లెక్కేయకూడదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్న నెలలే లెక్కలోకి వస్తాయి. నాలుగేళ్ల పెళ్లిలో కలిసున్నది ఐదు నెలలే అయితే దాన్ని సంతానలేమి అనడానికి లేదు. అయినా సెలవుకు దిగిన మొదటి వారంలోనే శాంపిల్ టెస్టు చేయించుకోండి. విమానం ఎక్కే ముందు వారం చేయిస్తే, ఏదైనా తేలినా చేయడానికి వ్యవధి ఉండదు.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఏడాది ఆగనక్కర్లేదు: చిన్నప్పుడు వృషణం కిందికి దిగకపోవడం లేదా దానికి ఆపరేషన్ జరగడం, వయసొచ్చాక గవదబిళ్లలు వచ్చి వృషణం వాచడం, గజ్జల్లో హెర్నియా ఆపరేషన్, క్యాన్సర్ మందులు, ఎన్నాళ్లగానో అదుపులో లేని షుగరు, స్ఖలనంలో ద్రవం చాలా తక్కువ రావడం లేదా అసలు రాకపోవడం.

శాంపిల్ ఇచ్చే పద్ధతి

రిపోర్టులు తప్పుగా రావడానికి పెద్ద కారణం ల్యాబు కాదు, శాంపిల్. కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

చివరి స్ఖలనం నుంచి కనీసం రెండు రోజులు, గరిష్ఠంగా ఏడు రోజులు విరామం ఉండాలి. మూడు రోజులు పెట్టుకోండి, రెండోసారి ఇచ్చేటప్పుడూ అదే మూడు రోజులు పాటించండి. అప్పుడే రెండు రిపోర్టులను పక్కపక్కన పెట్టి పోల్చడానికి కుదురుతుంది. ‘ఎంత దాచుకుంటే అంత బలం’ అని ఇరవై రోజులు ఆగి వెళ్లేవాళ్లున్నారు. అలా ఆగితే అంకె పెరిగినట్టు కనిపిస్తుంది కానీ పాతబడి చచ్చిన కణాలు పోగై కదలిక శాతం పడిపోతుంది. మాల తీసిన మర్నాడే టెస్టుకు వెళ్లకూడదనేది ఇందుకే. 41 రోజుల బ్రహ్మచర్యం తర్వాత ఒకసారి స్ఖలనం కానిచ్చి, అక్కడినుంచి మూడు రోజులు లెక్కపెట్టి వెళ్లండి.

గత మూడు నెలల్లో గట్టి జ్వరం వచ్చి ఉంటే ఆ విషయం ల్యాబు ఫారంలో రాయించండి. వీలైతే మూడు నెలలు నిండాకే వెళ్లండి.

ఇచ్చే రోజు చేతులు, అంగం సబ్బుతో కడిగి, సబ్బు పూర్తిగా పోయేదాకా నీళ్లతో కడిగి, ఆరనివ్వండి. హస్తప్రయోగంతో నేరుగా ల్యాబువాళ్లిచ్చిన వెడల్పు మూతి డబ్బాలోకే పట్టాలి. నూనె, క్రీము, ఉమ్మి ఏదీ వాడొద్దు. వీటిలో చాలావరకు కణాల కదలికను దెబ్బతీస్తాయి. మామూలు కండోమ్‌లో పట్టి తేవడం కుదరదు, దాని పూతకే కణాలు చచ్చిపోతాయి. మందుల సీసా కడిగి తేవడం కూడా వద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: మొదటి చుక్కలు జారిపోకూడదు. వీర్యకణాల్లో ఎక్కువ భాగం మొదటి ధారలోనే వస్తాయి, తర్వాత వచ్చేది చాలావరకు ఉత్త ద్రవమే. మొదటిది కింద పడితే సిగ్గుపడకుండా ల్యాబులో చెప్పండి. చెప్పకపోతే మీ కౌంట్ సగానికి సగం తక్కువగా రికార్డవుతుంది, ఆ కాగితం పట్టుకుని ఆర్నెల్లు మందులు మింగుతారు.

ల్యాబులోనే గది ఉంటే అక్కడే ఇవ్వడం మేలు. ఆ గదిలో ఒత్తిడికి కొందరికి వీలు కాదు, అందులో వింతేమీ లేదు. ఇంటి నుంచి తెచ్చుకునేట్టయితే అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంట లోపల చేర్చాలి. చంద్రగిరి నుంచి తిరుపతికి పది పదిహేను కిలోమీటర్లు, అది జరిగే పని. శ్రీకాళహస్తి నుంచో పుత్తూరు నుంచో బస్సులో తేవడం జరిగే పని కాదు. అక్కడివాళ్లు ల్యాబు దగ్గర్లో లాడ్జి గది తీసుకుంటే గోల వదులుతుంది. డబ్బాను చొక్కా లోపల ఒంటికి ఆనించి తీసుకురండి. మే నెల ఎండలో బండి డిక్కీలో పెడితే అది డబ్బా కాదు, పొయ్యి. అలాగని ఐసుముక్కల మధ్య పెట్టినా కణాలు కదలడం మానేస్తాయి. డబ్బా మీద పేరు, ఎన్ని రోజుల విరామం, స్ఖలనమైన కచ్చితమైన సమయం రాయాలి.

రిపోర్టు ఎలా చదవాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ఆరో ఎడిషన్ ప్రకారం కనీస హద్దులు ఇవి. పరిమాణం 1.4 మిల్లీలీటర్లు. ఒక మిల్లీలీటరులో కణాలు 16 మిలియన్లు, అంటే కోటీ అరవై లక్షలు. మొత్తం శాంపిల్‌లో 39 మిలియన్లు. మొత్తం కదలిక 42 శాతం, అందులో ముందుకు ఈదేవి 30 శాతం. బతికున్నవి 54 శాతం. సరైన ఆకారం ఉన్నవి 4 శాతం.

ఆకారం 4 శాతమే అని చదివి గుండె జారిపోకండి. మామూలు మగవాడిలో కూడా నూటికి తొంభైకి పైగా కణాలు ఏదో ఒక వంకరతోనే ఉంటాయి. ఈ హద్దులు కూడా గర్భం రావడానికి, రాకపోవడానికి మధ్య గీసిన గోడ కాదు. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్లను కొలిచి, వాళ్లలో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీత మాత్రమే. కౌంట్ 12 ఉండి పిల్లలు కన్నవాళ్లున్నారు, 60 ఉండి ఇబ్బంది పడుతున్నవాళ్లూ ఉన్నారు.

ల్యాబు ఏ పట్టిక వాడుతోందో కూడా చూడాలి. పక్కన ‘నార్మల్: 20 మిలియన్ల పైన, కదలిక 50 శాతం పైన’ అని అచ్చేసి ఉంటే అది 1999 నాటి పట్టిక. ఆకారం ‘నార్మల్ 70 శాతం’ అని రాశారంటే కఠిన ప్రమాణాలతో చూడలేదని అర్థం, ఆ అంకెను పక్కన పెట్టేయొచ్చు. కదలికను ముందుకు ఈదేవి, ఉన్నచోటే కొట్టుకునేవి, కదలనివి అని విడగొట్టి రాయని రిపోర్టుతో పెద్దగా పనిలేదు.

ఇంకో అంకె మీరే వేసుకోవాలి. పరిమాణాన్ని కౌంట్‌తో గుణించి, దాన్ని కదలిక శాతంతో గుణించి, వందతో భాగించండి. రిపోర్టులో 2 మిల్లీలీటర్లు, 12 మిలియన్లు, 35 శాతం అని ఉందనుకుందాం. రెండు పన్నెండ్లు ఇరవై నాలుగు, అందులో 35 శాతం 8.4. అంటే ఆ శాంపిల్ మొత్తంలో కదిలే కణాలు 84 లక్షలు. విడివిడి అంకెలకన్నా ఈ ఒక్క అంకె ఎక్కువ చెబుతుంది. 20 మిలియన్ల పైన ఉంటే సహజంగా ప్రయత్నించడానికి మంచి అవకాశమే. 5 నుంచి 10 మధ్య ఉంటే డాక్టర్లు చాలాసార్లు ఐయూఐ, అంటే శుభ్రం చేసిన వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి ఎక్కించే పద్ధతి మాట ఎత్తుతారు. అంతకన్నా బాగా తగ్గితే ఇక్సీ వైపు చూపిస్తారు, అంటే ల్యాబులో ఒక్క కణాన్ని అండంలోకి గుచ్చడం. భార్య వయసును బట్టి ఇది అటూ ఇటూ మారుతుంది.

‘పస్ సెల్స్’ గడిలో అంకె చూసి వెంటనే యాంటీబయాటిక్ కోర్సు రాసే అలవాటు చాలాచోట్ల ఉంది. మైక్రోస్కోపు కింద గుండ్రంగా కనిపించేవన్నీ చీము కణాలు కావు. ఇంకా పూర్తిగా తయారుకాని వీర్యకణాలు కూడా అలాగే ఉంటాయి. వేరే రంగు పరీక్షతో అవి తెల్లకణాలేనని తేలి, మిల్లీలీటరుకు పది లక్షలు దాటితేనే ఇన్ఫెక్షన్ కోసం వెతకాలి. మంట, నొప్పి ఏమీ లేకుండా కల్చర్ టెస్టు అడగకుండానే మూడో యాంటీబయాటిక్ రాస్తున్నారంటే, ఎందుకని అడిగే హక్కు మీకుంది.

ఒక్క రిపోర్టుతో ఏ నిర్ణయమూ వద్దు. ఒకే మనిషి కౌంట్ నెల నెలకూ ఎంతో మారుతుంది. తక్కువొస్తే మూడు నెలలకు అదే ల్యాబులో, అదే విరామంతో మళ్లీ ఇవ్వండి. సున్నా వచ్చినా, సున్నాకు దగ్గరగా వచ్చినా మాత్రం మూడు నెలలు ఆగొద్దు. రెండు మూడు వారాల్లోనే మళ్లీ ఇచ్చి, ‘సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చేరినది కూడా చూడండి’ అని అడగండి. మామూలుగా చూస్తే కనిపించని నాలుగైదు కణాలు అడుగున దొరికితే మొత్తం దారే మారిపోతుంది.

ఇంట్లో ఒకసారి చేతితో చూసుకోండి

గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేశాక, సంచి వదులుగా ఉన్నప్పుడు, నిలబడి, ఒక్కో వృషణాన్ని బొటనవేలికీ రెండు వేళ్లకూ మధ్య మెల్లగా దొర్లించండి. ఉడికించి ఒలిచిన చిన్న కోడిగుడ్డులా నున్నగా, కాస్త మెత్తగా, నాలుగైదు సెంటీమీటర్ల పొడవుండాలి. ఎడమది కాస్త కిందికి వేలాడటం మామూలే. రెండూ ఉసిరికాయంత చిన్నవిగా ఉన్నా, ఒకటి చేతికి తగలకపోయినా, గట్టి గడ్డ తగిలినా సంతానం సంగతి తర్వాత, ముందు యూరాలజిస్టు దగ్గరకు వెళ్లండి. గడ్డ విషయంలో వారం కూడా వాయిదా వద్దు.

ఎడమవైపు వృషణానికి పైన చిక్కుపడిన పురికొస ఉండలాంటిది తగిలి, పడుకుంటే మాయమవుతుంటే అది వెరికోసిల్ కావచ్చు. అంటే రక్తనాళాలు ఉబ్బిపోవడం. మగవాళ్లందరిలో సుమారు 15 శాతం మందికి ఇది ఉంటుంది, సంతానం కలగని మగవాళ్లలో మూడో వంతుకు పైగా కనిపిస్తుంది. ఉబ్బిన నాళాల్లో వేడి రక్తం నిలిచి వృషణాన్ని వేడెక్కిస్తుంది. చేతికి తగిలే వెరికోసిల్ ఉండి, రిపోర్టు కూడా బాగోలేకపోతే ఆపరేషన్‌తో మేలు ఉంది. మైక్రోస్కోపు కింద నాళాలు కట్టే పద్ధతిలో నీరు పట్టడం, మళ్లీ రావడం తక్కువ. ఫలితం చూడాల్సింది మళ్లీ మన లెక్క ప్రకారమే, మూడు నెలల నుంచి ఆరు నెలల మధ్య. చేతికి తగలకుండా స్కానింగులో మాత్రమే ‘గ్రేడ్ వన్’ అని రాసిన దానికి ఆపరేషన్ అవసరం లేదు. రిపోర్టు మామూలుగా ఉన్నా అంతే. కుడివైపు మాత్రమే ఉబ్బినా, ఉన్నట్టుండి వచ్చినా, పడుకున్నా తగ్గకపోయినా కడుపు స్కానింగు కూడా చేయించాలి.

వేడి

వృషణాలు ఒంటి బయట వేలాడేది ఊరికే కాదు. వాటి పని ఒంటి వేడికన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువలోనే సాగుతుంది. మన దగ్గర వేసవి నలభై డిగ్రీలు దాటుతుంది, దాన్ని ఎవరూ మార్చలేరు. మార్చగలిగేవి వేరే ఉన్నాయి. బెల్లం వండే పొయ్యి దగ్గర, హోటల్లో పెనం ముందు, ఇటుక బట్టీలో, వెల్డింగులో గంటల తరబడి నిలబడేవాళ్లు గంటకోసారి పది నిమిషాలు నీడకు రావాలి, వదులు కాటన్ లోదుస్తులు వేసుకోవాలి. ఆటో, లారీ డ్రైవర్లకు సీటు కింద ఇంజిన్ వేడి, పైన రెగ్జిన్. సీటు మీద గాలాడే పూసల పరుపో, నులక అల్లికో వేసుకుని, గంటన్నరకోసారి దిగి నడవండి. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవద్దు. రాత్రి పూట జీన్సు వేసుకునే పడుకునే అలవాటు మానండి, లుంగీని మించింది లేదు. వేణ్నీళ్ల టబ్బు, ఆవిరి గదులు ఈ మూడు నెలలూ పక్కన పెట్టండి.

మామిడి, టమోటా తోటల్లో మందు కొట్టేవాళ్లకు ఇంకో ముప్పుంది. 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారీలో పనిచేసిన కార్మికుల్లో కౌంట్ పడిపోయిందని, కొందరిలో సున్నాకు చేరిందని తేలింది. పిల్లలు పుట్టడం లేదని వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటే బయటపడిన సంగతి అది. గాలికి ఎదురుగా కొట్టొద్దు. చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు, నిండు చేతుల చొక్కా ఉండాలి. పంపు కారి వీపు తడుస్తుంటే ఆ రోజు పని ఆపి బాగు చేయించండి. మందు కొట్టిన బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకొద్దు. సీసం కరిగించే పనిలో ఉన్నవాళ్లు రక్తంలో సీసం పరీక్ష అడిగి చేయించుకోవాలి.

మానాల్సినవి

పొగాకు ఏ రూపంలోనైనా సరే. బీడీ మానేసి హాన్స్ పెట్టుకోవడం మానడం కాదు. మద్యం ఈ రెండు మండలాలూ పూర్తిగా ఆపితే మంచిది. మాలలో ఉన్న 41 రోజులు రెండూ ముట్టకుండా ఉండగలిగిన మనిషికి ఇంకో 41 రోజులు అసాధ్యమేమీ కాదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది మగ హార్మోను టెస్టోస్టిరాన్ గురించి. ‘మగతనానికి’ అని, కండలకని జిమ్ముల్లో వేసే ఇంజెక్షన్లు వీర్యకణాల తయారీని ఆపేస్తాయి. బయటి నుంచి హార్మోను వస్తోందని మెదడు చూసి, వృషణాలకు పంపే ఆజ్ఞను నిలిపేస్తుంది. కండలు పెరుగుతాయి, వృషణాలు చిన్నబోతాయి, కౌంట్ సున్నాకు వస్తుంది. ఆపేశాక తిరిగి రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి అంతకు పైన. పేరు ఊరు లేని ప్రొటీన్ పొడుల్లోనూ ఇవి కలిపి ఉండొచ్చు. తెలిసీ తెలియక ఏదైనా డాక్టరు కౌంట్ పెరగడానికని టెస్టోస్టిరాన్ రాస్తే, ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంకో డాక్టరును కలవండి.

జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్, పేగుల జబ్బుకు వాడే సల్ఫసలజైన్, ప్రొస్టేటుకు వాడే టామ్‌సులోసిన్, కొన్ని డిప్రెషన్ మందులు కౌంట్‌నో స్ఖలనాన్నో దెబ్బతీయొచ్చు. మీ అంతట మీరు ఆపొద్దు, జాబితా రాసుకుని డాక్టరుకు చూపించండి.

బస్టాండు గోడల మీద, లాడ్జి బోర్డుల మీద కనిపించే ‘రహస్య వ్యాధుల’ వైద్యుల దగ్గరకు వెళ్లి డబ్బు పోగొట్టుకున్నా నష్టం డబ్బుతో ఆగదు. పేరు లేని భస్మాల్లో సీసం, పాదరసం ఉండే ప్రమాదం ఉంది. ఎముక విరిగితే కట్టుకు పుత్తూరు పోయే అలవాటు మనది. ఈ జబ్బుకు అలాంటి కట్టు ఏదీ లేదు.

తిండి, బరువు

ఇక్కడ చెప్పడానికి జనం అనుకునేంత లేదు. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటితే తగ్గించుకోండి. పొట్ట కొవ్వు మగ హార్మోనును ఆడ హార్మోనుగా మారుస్తుంది. షుగరు పరీక్ష, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీతో సహా చేయించండి. రాగి సంగటి, ఊరిబిండి, అనపగింజల పితికి పప్పు, ఆకుకూర, చేప, గుడ్డు: ఇంట్లో తినేదే సరిపోతుంది, సంగటి ముద్ద ఒకటి తగ్గించి పప్పు, కూర పెంచితే చాలు. బేకరీ పఫ్ఫులు, కూల్‌డ్రింకులు తగ్గాలి. స్పెయిన్‌లో 2018లో జరిగిన ఒక పరీక్షలో రోజుకు 60 గ్రాముల బాదం, అక్రోటు, హేజల్‌నట్ 14 వారాలు తిన్న ఆరోగ్యవంతుల్లో కౌంట్, కదలిక మెరుగుపడ్డాయి. పిల్లలు పుట్టడం ఆ పరీక్షలో చూడలేదు. మెడికల్ షాపు వాళ్లు అమ్మే జింకు, ఫోలిక్ యాసిడ్ మాత్రల మీద అమెరికాలో రెండు వేలకు పైగా జంటలతో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2020లో వచ్చింది: కాన్పులు పెరగలేదు. నెలకు మూడు వేలు మాత్రలకు పెట్టేకన్నా ఆ డబ్బుతో మంచి ల్యాబులో రెండో టెస్టు చేయించడం నయం.

నడక రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. నెలకోసారి అలిపిరి 3,550 మెట్లు ఎక్కేసి మిగతా 29 రోజులు కుర్చీలో కూర్చుంటే మొక్కు తీరుతుంది కానీ బరువు తగ్గదు.

కలిసే రోజులు

వీర్యకణం గర్భాశయంలో ఐదు రోజుల దాకా బతుకుతుంది, అండం ఒక్క రోజే. అందుకే గర్భం నిలిచే అవకాశం ఉన్నవి అండం విడుదలయ్యే రోజుతో కలిపి ఆరు రోజులు. 28 రోజుల నెలసరి అయితే బహిష్టు మొదటి రోజును ఒకటిగా లెక్కపెట్టి, తొమ్మిదో రోజు నుంచి పదహారో రోజు దాకా రోజు విడిచి రోజు కలిస్తే చాలు. నెలసరి 32 రోజులైతే నాలుగు రోజులు ఆలస్యంగా, అంటే పదమూడో రోజు నుంచి ఇరవయ్యో రోజు దాకా లెక్కేయండి. తేదీలు గుర్తుండకపోతే నెలంతా రెండు మూడు రోజులకోసారి కలిసినా అంతే ఫలం. తర్వాత కాస్త ద్రవం బయటికి కారడం మామూలే, దానికి కాళ్లు పైకి పెట్టి పడుకోనక్కర్లేదు.

‘ఈ రోజే రోజు’ అని పొద్దుటి నుంచి గుర్తు చేస్తూ ఉంటే సాయంత్రానికి ఎవరికైనా కుదరదు. శ్రీసిటీలో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఇది మరీ కష్టం. అలాంటి ఇంట్లో తేదీ భార్య మనసులో ఉంచుకోవడమే మేలు.

డాక్టరు దగ్గర

రెండు రిపోర్టులూ బాగోలేకపోతే యూరాలజిస్టును, అందులోనూ మగవారి సంతానలేమి చూసేవారిని కలవండి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో యూరాలజీ, హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ రెండు విభాగాలూ ఉన్నాయి. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ గంట ప్రయాణం, అక్కడ సంతాన సాఫల్యానికి ప్రత్యేక విభాగం ఉంది. డాక్టరు చేతితో పరీక్షించాలి. బల్ల అవతల కూర్చుని కాగితం చూసి మందు రాస్తే అది సగం చూపే.

రక్తపరీక్షకు పొద్దున పది లోపల, పరగడుపున వెళ్లండి. టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువుండి సాయంత్రానికి తగ్గుతుంది. దానితోపాటు మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్లు ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ చూస్తారు. కౌంట్ సున్నా అయినప్పుడు ఈ అంకెలే దారి చూపిస్తాయి. ఎఫ్ఎస్‌హెచ్ బాగా ఎక్కువుండి వృషణాలు చిన్నవైతే తయారీలోనే లోపం. ఎఫ్ఎస్‌హెచ్ మామూలుగా ఉండి వృషణాలూ బాగుంటే దారిలో అడ్డు ఉండొచ్చు. పాత ఇన్ఫెక్షన్, క్షయ, పుట్టుకతోనే గొట్టం లేకపోవడం ఇలాంటి అడ్డంకులే. ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ రెండూ అడుగంటితే మెదడు కింది పిట్యూటరీ నుంచి ఆజ్ఞ రావడం లేదని అర్థం. మందుతో నిజంగా నయమయ్యే రకం ఇదే. హార్మోను ఇంజెక్షన్లు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ఓపిగ్గా వేసుకుంటే చాలామందిలో కణాలు కనిపిస్తాయి.

షుగరు ఉన్నవాళ్లలో ద్రవం చాలా తక్కువ వస్తుంటే, స్ఖలనం వెనక్కి మూత్రాశయంలోకి పోతోందేమో చూడాలి. స్ఖలనమైన వెంటనే పోసిన మూత్రాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే తెలిసిపోతుంది. ఈ చవక పరీక్ష అడగడం చాలామంది మరిచిపోతారు.

కౌంట్ 50 లక్షల లోపుంటే క్రోమోజోముల పరీక్ష, వై క్రోమోజోము ముక్కలు పోయాయేమో చూసే పరీక్ష చేయిస్తారు. ఇక్సీకి వెళ్లే ముందు ఇవి తప్పనిసరి. వై లోపం పుట్టబోయే కొడుక్కీ వస్తుంది, కొన్ని రకాల లోపాల్లో వృషణం కోసి వెతికినా కణం దొరకదు. ముందే తెలిస్తే ఆ ఆపరేషన్ తప్పుతుంది. మిగతా సున్నా కేసుల్లో మైక్రోస్కోపు కింద వృషణంలో వెతికే మైక్రోటీసీతో దాదాపు సగం మందికి కణాలు దొరుకుతాయి. ఒక్క కణాన్ని ఒక్క అండంలోకి గుచ్చే ఇక్సీతో తొలి బిడ్డ 1992లో పుట్టాక సున్నా అన్న మాటకు పాత అర్థం పోయింది.

సంతాన సాఫల్య కేంద్రం గడప తొక్కేటప్పుడు 2021 సంతాన సాఫల్య (ఏఆర్‌టీ) చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. ఉన్న చోట ధ్రువపత్రం గోడకు కనిపించేలా ఉంటుంది. చట్టం ప్రకారం భర్త వయసు 55, భార్య వయసు 50 దాటకూడదు. ప్రతి దశకూ ఇద్దరి రాతపూర్వక అంగీకారం కావాలి. కాగితాలు చదవకుండా సంతకం పెట్టొద్దు. దాత వీర్యం వాడటానికి వేరే అంగీకారం ఉంటుంది, ఆ గడిలో టిక్కు మీకు తెలిసే పడాలి. మొదటి రోజే, భర్త రెండో శాంపిల్ కూడా చూడకుండా, ‘ప్యాకేజీ’ చెప్పి ‘గ్యారంటీ’ అన్నచోట లేచి బయటికి రండి.

గల్ఫ్‌కు తిరిగి వెళ్లేవాళ్లు, క్యాన్సర్ చికిత్స మొదలవబోయేవాళ్లు రిజిస్టర్డ్ బ్యాంకులో శాంపిల్ ఫ్రీజ్ చేయించుకోవచ్చు. క్యాన్సర్ అయితే మొదటి కీమోకు ముందే చేయించాలి. ఒక్కటి కాకుండా రెండు మూడు శాంపిల్స్ ఇవ్వండి, కరిగించినప్పుడు కొన్ని కణాలు పోతాయి. ఏటా కట్టాల్సిన ఫీజు, కట్టకపోతే ఏమవుతుంది, భార్య ఒక్కరే వచ్చి వాడుకోవాలంటే ఏ కాగితం కావాలి: ఈ మూడూ డబ్బు కట్టేముందే రాయించుకోండి.